లద్ది మాగేదాకా

ఆగస్టు 18, సోమవారం

మా ఆవిడ డోర్కాస్ ఈరోజు ఇంటికి గుర్రపు లద్ది తెచ్చింది. ఒక సంచీ కాదు, రెండు. టోటో రిక్షావాడు వాటిని గేటు దగ్గర పడేసి, ముక్కు మూసుకుని మరీ వెళ్లిపోయాడు. డ్యూటీ తెల్లచీర విప్పకుండానే ఆ రెండు సంచుల్నీ పెరట్లోకి ఈడ్చుకొచ్చింది మహాతల్లి. రైల్వే ఆసుపత్రిలో సీనియర్ నర్సు, రిటైర్మెంటుకి దగ్గర పడింది, చేసే పని చూస్తే ఇది.

నేను వరండాలో మంచం మీద ఉన్నాను. పలక మీద "ఏమిటిది?" అని రాసి చూపించాను.

"కనిపిస్తంది కదేటి? గుర్రప్పేడ."

పలక తుడిచి "పేడ కాదు, లద్ది" అని రాశాను. ఆవుకీ గేదెకీ అయితే పేడ. గుర్రానికి లద్ది.

"పేరు దిద్దితే కంపు తగ్గుతాదేటండీ?" అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

దిద్దడం నా జబ్బని అందరూ అంటారు. డ్రాయింగ్ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ పక్కవాళ్ల గీతలు దిద్దాను. చర్చిలో క్వయిర్ నడిపినన్నాళ్లూ వాళ్ల శ్రుతులు దిద్దాను. తప్పు వింటే ఊరుకోలేను, ఏం చెయ్యను? ఇప్పుడు పలక మీద దిద్దుకోవలసి వచ్చింది.

ఇంతకీ ఆవిడ పథకం ఏమిటంటే, ఫిబ్రవరిలో కోత పండక్కి మన పెరట్లో కాసిన కాయగూరలు చర్చికి పట్టుకెళ్లాలట. ఈ బెంగాలీ నగరంలో, గార్డెన్ రీచ్‌లో ఎవరికుంది పెరటి పంట? అందరూ కిదిర్‌పూర్ బజారులో కొన్న గుమ్మడికాయలే తెచ్చి ప్రభువు ముందు పెట్టి, లేచి నిలబడి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పి కూర్చుంటారు. ఏళ్ల తరబడి మేమూ అంతే. ఆయనకి బజారు సరుకు తెలియదనా?

గొంతు మాట్లాడించడం ఇంకా మొదలుపెట్టలేదు. ఆపరేషన్‌లో గడ్డతోపాటు లోపల మాట పలికించే తీగ కూడా కొంత తీసేశారు. మిగిలినదానితో మాట వస్తుందనీ, పాత గొంతు మాత్రం రాదనీ, రోజూ వాడకపోతే ఈ ఉన్నది కూడా బిగుసుకుపోతుందనీ డాక్టరు చెప్పాడు. మొదలుపెడతాను. ముందు నొప్పి తగ్గాలి.

ఆగస్టు 20

వాన. నొప్పి. పెరడంతా కంపు.

ఆగస్టు 24, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. డోర్కాస్ ఒక్కతే వెళ్లింది. చర్చి రెండు వీధుల అవతలే కాబట్టి కిటికీ తీస్తే పాట వినిపిస్తుంది. ఇప్పుడు మేరీరాణి నడిపిస్తోంది క్వయిర్‌ని. గొంతు బాగుంది, కాదనను. రెండో చరణంలో తొందరపడింది. నాలుగేళ్ల నుంచీ చెబుతూనే ఉన్నాను ఆ అమ్మాయికి, అక్కడ ఊపిరి తీసుకోమని. కిటికీ మూసేశాను. తర్వాత ఉక్కగా ఉందని మళ్లీ తెరిచాను.

ఆవిడ వచ్చాక అసలు ఈ లద్ది ఎక్కడిదని పలక మీద అడిగాను. మా అమ్మాయి జూలియాకి సాల్ట్ లేక్‌లో ఉద్యోగం, అక్కడే గది. ఆ పిల్లని బస్సెక్కించి తిరిగొస్తూ, హేస్టింగ్స్ దగ్గర బండిగుర్రాలు కట్టేసే షెడ్లు చూసిందట. చూసి ఊరుకోవచ్చుగా? బస్సు దిగి, లోపలికెళ్లి, ఇస్రాఫిల్ మియా అనే గుర్రాలాయనతో గంటసేపు మాట్లాడి వచ్చింది. ఆయన గుర్రాల పేర్లు, ఆయన కోడలి కాన్పు, ఆయన మోకాళ్ల నొప్పులు, అన్నీ తెలుసు ఇప్పుడు ఈవిడకి.

"పట్టుకెల్లమ్మా, ఎంత కావాలంటే అంత పట్టుకెల్లు, నాకు పీడ వొదుల్తాది అన్నాడండీ పాపం" అంది.

ఎక్కడికెళ్లినా ఒక మనిషిని సంపాదించుకుని వస్తుంది. నేను ఒకే ఆఫీసులో జీవితమంతా పనిచేసి, రిటైరైన రోజున నాతో టీ తాగడానికి ఇద్దరు మిగిలారు.

ఆగస్టు 30

ఇది పెరడా, రైల్వే స్క్రాప్ యార్డా? పార పెడితే ఇటుక ముక్క, గునపం వేస్తే బొగ్గు చిట్టెం. బొగ్గింజన్ల కాలంలో ఊడ్చిన బూడిదంతా తెచ్చి ఇక్కడే పోసినట్టున్నారు. తుప్పు పట్టిన బోల్టులు బకెట్టు నిండా దొరికాయి. ఈ నేలలో గడ్డి కూడా మొహమాటానికి మొలుస్తుంది.

డోర్కాస్ డ్యూటీకి ముందు పొద్దున్నే తవ్వుతోంది. గునపం పట్టుకోవడం రాదు. నడుము మీద భారం వేసి తవ్వుతుంది, తర్వాత నడుము పట్టేస్తుంది, అమృతాంజనం పూయమంటుంది. చూడలేక లేచి వెళ్లి ఎలా పట్టుకోవాలో చూపించాను. చూపించడానికే. ఒక సాలు పూర్తయ్యేదాకా చూపించాను.

"బాగా సూపించేరు. పక్క సాలు కూడా సూపించండి" అని లోపలికెళ్లి దోసెలు పోసింది.

సెప్టెంబరు 6

ఈరోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

డోర్కాస్ టమాటా, వంగ, మిరప నారు తెచ్చింది. ప్రతి గోతి నిండా లద్ది కూరి, పైన చారెడు మట్టి కప్పి, నాటుకుంటూ పోతోంది. వాళ్లమ్మ పాలకొండ దగ్గర ఊళ్లో ఆవుపేడ అలాగే వేసేదట. పాదు చుట్టూ నాలుగు పేడకళ్లు వేస్తే కాయ కాయక ఛస్తుందా అని ఆవిడ ధీమా.

సంచీ అంచు సర్దుదామని నేను లోపల చెయ్యి పెట్టాను. కాలింది. అప్పుడే పొయ్యి మీంచి దించిన అన్నంగిన్నె తాకినట్టు కాలింది. గడ్డీ లద్దీ కలిసి లోపల ఉడుకుతున్నాయి. ఇంత వేడి మీద లేత వేళ్లు బతుకుతాయా? అనుమానమే అక్కర్లేదు.

డోర్కాస్ అటు తిరిగి కుళాయి దగ్గర కూర్చుని నారు తడుపుతోంది. చప్పట్లు కొట్టాను.

"వొస్తన్నానండీ, టీ ఎడతాను, ఇది అవనివ్వండి" అంది తిరక్కుండానే.

ఆగు అంటే చాలు. రెండక్షరాలు. పలక లోపల మంచం మీద ఉండిపోయింది. మోకాలు కూడా పట్టేసినట్టుంది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆవిడ నాటేసింది.

సెప్టెంబరు 7, ఆదివారం

చెప్పలేదు. నాటేశాక చెప్పి లాభమేమిటి? ఒకవేళ వానకి చల్లారుతుందేమో.

సెప్టెంబరు 9

ఆకుల అంచులు మాడాయి.

సెప్టెంబరు 11

అన్నీ పోయాయి. ఒక్క మొక్క కూడా మిగల్లేదు. డోర్కాస్ ఒకటి పీకి చూసింది, వేళ్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. డ్యూటీ దిగి నేరుగా హేస్టింగ్స్ వెళ్లి అడిగొచ్చింది. ఇస్రాఫిల్ మియా నెత్తి కొట్టుకున్నాడట. "అరే దీదీ, కచ్చాదే వేసేశావా!" అని. పచ్చి లద్ది నిప్పుతో సమానమట. గుట్టవేసి, తడిపి, తిరగేస్తూ రెండు మూడు నెలలు మాగనివ్వాలట. ఈ మాట ఆయన మొదటి రోజే చెప్పేవాడు గానీ, ఈవిడ ఏం చేయబోతోందో అడగలేదట. కోడలి కాన్పు కబుర్లలో పడి ఇద్దరూ అసలు సంగతి మరిచిపోయారు.

అన్నం పెడుతూ నెమ్మదిగా అడిగింది.

"ఆ రోజు సంచీలో సెయ్యెట్టినారు కదా మీరు. వేడి తెలిసిందా?"

ఈవిడకి వీపు వెనకాల కూడా కళ్లుంటాయి. పలక తీసుకుని "తెలిసింది" అని రాశాను. అబద్ధం రాయలేను కదా.

చదివింది. ఆ ఒక్క మాటనీ చీర కొంగుతో తుడిచేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. గ్లాసులో నీళ్లు పోసి, "రేపు పొద్దున్నే ఆ గోతుల్లోది మొత్తం తీసి గుట్టెయ్యాల. తొందరగా లెగండి" అంది.

ఆవిడ వంటింట్లోకి వెళ్లాక నాకు ఏడుపొచ్చింది. ఏడుపుకి కూడా చప్పుడు రానివ్వలేదు నేను.

సెప్టెంబరు 12

గుట్ట వేశాం. గోడ మూల, జామచెట్టు పక్కన. ఒక వరస లద్ది, ఒక వరస ఎండుటాకులు, పైన నీళ్లు, ఆ పైన గోనెసంచులు. చేతికి దొరికిన పురుగునీ వానపామునీ "ఎల్లమ్మా, లోపలికెల్లు" అని అందులోకి పంపుతోంది. ఓడిపోయిన మనిషి ముఖం కాదు అది. కొత్త కాపురం పెట్టిన పిల్ల సామాను సర్దుకుంటున్నంత హుషారు.

నేనైతే గునపం గోడవతలకి విసిరేసి, దేవుడికి కూడా ముఖం చూపించేవాణ్ణి కాదు. ఎలా వస్తుంది మనిషికి ఇంత ఓపిక? పెళ్లైన కొత్తలో ఇది తెలివితక్కువతనం అనుకునేవాణ్ణి. ఏదైనా పోతే ఏడ్చి ఊరుకోవాలి గానీ, మళ్లీ మొదలుపెట్టడమేమిటని.

సెప్టెంబరు 30

అమ్మవారి పూజల సెలవులకి జూలియా వచ్చింది. వీధిలో ఢాకీలు డోళ్లు వాయిస్తున్నారు. పిల్ల పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఒక్కసారి నా పేరు పిలువు. ఎలా వచ్చినా పర్లేదు. ఫోన్లో నువ్వు టక్‌టక్‌మని వేలితో కొడుతుంటే నాకెలా ఉంటుందో తెలుసా?"

గొంతు చూపించి, నొప్పి అని సైగ చేశాను.

వంటింట్లోంచి డోర్కాస్: "నొప్పి ఉండదని డాక్టరు పోయిన నెలే సెప్పీసేడమ్మా!"

డాక్టర్లకేం తెలుసు? ఇంకో మాట కూడా చెప్పాడట ఆయన, చలికాలం దాటనిస్తే ఇక ఆ తీగ పలకడం కష్టమని. ఆ మాట డోర్కాస్ జూలియాకి చెబుతుంటే విన్నాను. నన్ను భయపెట్టడానికే గట్టిగా చెప్పినట్టుంది.

అక్టోబరు 5, ఆదివారం

ఇంట్లో ఎవరూ లేరు. పెరట్లో గుట్ట తిరగేస్తూ, ఎందుకో, నోరు తెరిచి "ఆ" అన్నాను.

ఆ చప్పుడు నాది కాదు. గొంతులో ఎవరో రేకు గీకినట్టుంది. గోడ మీద పడుకున్న పిల్లి లేచి నన్నొకసారి చూసి వెళ్లిపోయింది.

ఈ గొంతుతోనా నేను ఈస్టరు పాటలు పాడింది? చర్చిలో అందరూ తలలు తిప్పి చూసింది ఈ గొంతుకేనా? ఇదే మిగిలిందని నలుగురికీ వినిపించడం కంటే, ఏమీ మిగల్లేదని అనుకోనివ్వడమే నయం. గౌరవంగా ఉంటుంది.

డోర్కాస్‌కి చెప్పలేదు.

అక్టోబరు 18

వచ్చే పంటకి ఇంకో గుట్ట వెయ్యాలంటూ మరో సంచీ కోసం వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. ఆవిడ నడుము పట్టేసి ఉంది కాబట్టి. ఇస్రాఫిల్ మియా నాకు సలాం పెట్టి, గుర్రాన్ని దగ్గరికి తెచ్చాడు. ముసలి తెల్లగుర్రం. నా భుజం వాసన చూసింది. బాగుంది.

తిరుగు ప్రయాణంలో బస్సు కండక్టరు సంచీ దగ్గర ఆగాడు. "బస్తాయ్ కీ ఆఛే?" సంచీలో ఏముంది, ఎవరిది అని నన్నే అడిగాడు. నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను.

"ఓషుధ్, దాదా" అంది డోర్కాస్ తొణక్కుండా. మందట! ఆసుపత్రి బ్యాడ్జీ కూడా సరిచేసుకుంది.

డోర్కాస్ అబద్ధం చెప్పదు. నిజాన్ని అప్పడాల పిండిలా సాగదీస్తుంది. నేను కళ్లెర్రజేస్తే, "మట్టికి మందే కదండీ, అబద్ధమేటి?" అని గుసగుసలాడింది. పక్క సీట్లో ఉన్న బెంగాలీ పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, ఏం మందమ్మా ఇంత ఘాటుగా ఉందని అడిగింది. ఈవిడ నిజం చెప్పేసింది. కిదిర్‌పూర్ వచ్చేసరికి ఆ పెద్దావిడ తన మేడమీది గులాబీలకి ఒక డబ్బా లద్ది అడుగుతోంది, కండక్టరు వాళ్ల ఊళ్లో పొట్లపాదు గురించి చెబుతున్నాడు, వెనక సీట్లో ఇద్దరు పోట్లాడుకుంటున్నారు, ఆవాల చెక్క మేలా గుర్రపు ఎరువు మేలా అని. దిగేటప్పుడు సంచీ కండక్టరే దింపాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నేను ఆ నోరు పక్కనే ఇన్నేళ్లు కాపురం చేసి, గట్టిగా మాట్లాడుతుందని విసుక్కున్నాను.

నవంబరు 9

గుట్ట సగానికి దిగింది. సంచి ఎత్తితే వేడి లేదు, గోరువెచ్చన.

నవంబరు 16

మాగింది! కంపు పోయింది. వాన పడ్డ మట్టి వాసన వస్తోంది. డోర్కాస్ ఒక గుప్పెడు తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. నల్లగా, పొడిపొడిగా, టీపొడిలా ఉంది. ఇది ఆ లద్దేనంటే ఎవరూ నమ్మరు.

ఆగస్టులో కంపని గోల చేసిన పక్కింటి అప్పలలక్ష్మి గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఒదినా, కూసింత ఎట్టవా, మా తులసికోటకి?"

"కూసింతేటే, బకెట్టు తెచ్చుకో" అంది డోర్కాస్.

రెండు బకెట్లు ఇచ్చేసింది. మోసిన వాళ్లకి తెలుస్తుంది బాధ. నేను మోశానా అంటే, ఒకసారి మోశాను. ఎక్కువ మోసింది ఆవిడే కాబట్టి ఇచ్చే హక్కూ ఆవిడదే. అయినా రెండు బకెట్లా?

నవంబరు 23, ఆదివారం

మళ్లీ నాటాం. ముందు చిట్టెం జల్లెడ పట్టాం, మట్టీ ఎరువూ సగంసగం కలిపాం, రెండ్రోజులు ఊరనిచ్చాం. ఒక్కో గోతిలో చెయ్యి పెట్టి చల్లగా ఉందని నేను తలూపాకే డోర్కాస్ నారు పెట్టింది. టమాటా, వంగ, పూలకోసు. అంచుల్లో ముల్లంగీ పాలకూరా చల్లాం. ప్రతి గోతికీ నా తలకేసి చూసింది. నన్ను నమ్మింది, ఆ రోజు అంత పని చేశాక కూడా.

పాట వినిపిస్తూనే ఉంది చర్చినుంచి. ఈరోజు ఈవిడ కూడా వెళ్లలేదు. అడిగితే "నాటడం కూడా ఆరాధనే" అంది. సాగదీసింది మళ్లీ.

డిసెంబరు 7

ముల్లంగి మొలిచింది.

డిసెంబరు 21

క్యారల్సు వాళ్లు వచ్చారు. పెరటి గుమ్మం దగ్గర నిలబడి పాడారు. మేరీరాణి, పిల్లలు, పాస్టరు అయ్యగారు ప్రదీప్‌కుమార్. కింది స్వరం పాడేవాడు లేక పాట ఒంటికాలి మీద నిలబడ్డట్టుంది. నా పెదవులు కదిలాయి. డోర్కాస్ చూసింది. నేను కేకు తెచ్చే మిషతో లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయాను.

వాళ్లు వెళ్లాక అడిగింది. "ఎవరికి బయపడతన్నారు మీరు?"

పలక మీద "భయం కాదు, నొప్పి" అని రాశాను.

"అలాగా" అంది. పలక తుడిచి నా చేతికిచ్చింది. డోర్కాస్ "అలాగా" అందంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

జనవరి 11

పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి గుచ్చితే మణికట్టు దాకా దిగిపోయింది. గునపం ఎగిరిపడ్డ నేల ఇదేనా! ప్రతి గుప్పెట్లో వానపాము ఉంది. ముల్లంగి ఒకటి పీకాను, మోచేయంత వచ్చింది, తెల్లగా, ఒక్క వంకర లేకుండా. టమాటాలు రంగు తిరుగుతున్నాయి. పూలకోసు పువ్వు విచ్చుకుంది. అప్పలలక్ష్మి వాళ్లాయన రోజూ గోడమీంచి తొంగి చూసి దిష్టి పెడుతున్నాడు.

ఇంత బతుకు ఎక్కడినుంచి వచ్చింది? గుర్రం పారేసిన దాన్నుంచి, బొగ్గుబూడిదనుంచి, ఒక్క మనిషి మొండితనంనుంచి. నేను క్వయిర్‌లో పాతికేళ్లు నేర్పాను. ఎవరైనా శ్రుతి తప్పితే తీసేసేవాణ్ణి. రెండోసారి అవకాశం ఇచ్చేవాణ్ణి కాదు, మూడోసారి మాట ఎందుకు. ఈవిడ చచ్చిన నేలకి కూడా రెండోసారి ఇచ్చింది. నాకెన్నిసార్లు ఇచ్చిందో లెక్క లేదు. ఈ మాట ఎదురుగా చెప్పాలి. పలక మీద పట్టదు.

జనవరి 28

అయ్యగారు వచ్చి పండగకి మీ ఇంటినుంచి సాక్ష్యం ఎవరు చెబుతారని అడిగారు. "మేవిద్దరం వొస్తాం. నేను సెప్తాను, ఆయన పక్కన నిలబడతారు" అంది డోర్కాస్. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వి ప్రార్థన చేసి వెళ్లిపోయారు.

జనవరి 31

రేపు వెళ్తున్నాను. బుట్ట బరువు. ఆవిడ నడుముతో మొయ్యలేదు. బుట్ట పెట్టేసి వచ్చేస్తాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇంటికి వచ్చి నేరుగా ఈ పుస్తకం తీశాను. అంతా రాస్తాను.

చర్చి నిండిపోయింది. జూలియా కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. బల్ల మీద కిదిర్‌పూర్ గుమ్మడికాయల మధ్య మా బుట్ట పెట్టాను. ముల్లంగి, పూలకోసు, టమాటాలు, పాలకూర కట్టలు. అందరూ మెడలు చాచి చూశారు. నేను గబగబా వచ్చి చివర కూర్చున్నాను. డోర్కాస్ లేచి మైకు అందుకుంది.

"అందరికీ వందనాలు. ఈ కాయగూరలన్నీ మా పెరట్లోవే. ఇందులో నా కష్టమేటీ లేదు. అంతా మా ఆయనే పండించేరు."

స్తోత్రం అన్నారు అందరూ. నేను తలెత్తి చూశాను. ఏమంటోంది ఈవిడ?

"నేను డ్యూటీకెలిపోతే ఆయనే హేస్టింగ్స్ దాకా ఎల్లి ఎరువు మోసుకొచ్చీవోరు. నాకా వాసన పడదు. ఆ సంచి నేను ముట్టుకోనేదు."

స్తోత్రం. నా చెవులు వేడెక్కాయి. ఆసుపత్రి చీరతో ఈడ్చుకొచ్చిన మనిషి! మేరీరాణి నాకేసి తిరిగి మెచ్చుకోలుగా తల ఊపింది. అవతల ఎవరో "అంత జబ్బులో కూడా, చూడు" అన్నారు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. వినయం అనుకున్నారు, ఇంకా గట్టిగా స్తోత్రం అన్నారు.

"మొదటిసారి మొక్కలన్నీ సచ్చిపోనాయండి. నేను మానీమన్నాను. ఇంక వొద్దు, మన వల్ల కాదు, పారీయండి అన్నాను. ఆయనే ఊరుకోనేదు. మళ్లీ ఏద్దాం డోర్కాసూ, ఓపిక పట్టు, అని నాకు దైర్నం సెప్పి..."

"అబద్ధం."

ఎవరా అన్నది అని వెనక్కి తిరిగి చూడబోయాను. అందరూ నన్నే చూస్తున్నారు. నేను లేచి నిలబడి ఉన్నాను.

ఆ గొంతు రేకు గీకినట్టే ఉంది, అంత నికృష్టంగానూ ఉంది. అయినా ఇక ఆగితే ఆ అబద్ధమే నిలిచిపోతుంది, అందరూ స్తోత్రం అనేసి ఇళ్లకెళ్లిపోతారు. అది నా వల్ల కాదు.

"మానెయ్యమంది నేను" అన్నాను. "నోటితో అనలేదు, మనసులో అన్నాను. ఎరువు మోసింది ఈవిడ. మొక్కలు చచ్చిపోయింది నా వల్ల. వేడిగా ఉందని నాకు తెలుసు. ఒక్క మాట అంటే బతికేవి. అనలేదు. నాకు నొప్పి లేదు. ఈ గొంతు మీరు వింటారని సిగ్గు. ఈవిడ ఒక్క మాట అనకుండా మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ మొదలుపెట్టింది. ఇలాంటి మనిషిని నేను చూడలేదు. సాక్ష్యం అంటే ఇదీ. ఆవిడ చెప్పింది కాదు."

మాటల మధ్య గాలే ఎక్కువ వచ్చింది. రెండుచోట్ల గొంతు పూర్తిగా పోయింది, మళ్లీ తెచ్చుకున్నాను. అయ్యగారు ఇంకో మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు గానీ అవసరం లేకపోయింది. ఫ్యాన్లు కట్టేసినట్టున్నారు ఎవరో. పసిపిల్లలు కూడా గోల చెయ్యలేదు. పిల్లి లేచి వెళ్లిపోయినట్టు ఎవరూ లేచి వెళ్లలేదు.

కూర్చున్నాక జూలియా వెనకనుంచి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "జూలియా" అన్నాను. ఆ పిల్ల అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది.

డోర్కాస్ మాత్రం మైకు దగ్గరే నిలబడి ఉంది, తల దించుకుని, భుజాలు కదులుతూ. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే నవ్వుతోంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నవ్వుతోంది.

అప్పుడు అర్థమైంది నాకు.

ఇంటికి వస్తుంటే ఖాళీ బుట్ట నా చేతిలో ఉంది, జూలియా ముందు నడుస్తోంది. నాకు ఒళ్లు మండుతోంది, ఆనందంగానూ ఉంది, రెండూ.

"చర్చిలో, అదీ సాక్ష్యంలో, అన్ని అబద్ధాలు చెప్పడానికి నీకు భయం వెయ్యలేదా?" అన్నాను. నోటితోనే అన్నాను.

డోర్కాస్ కొంగు సర్దుకుంది.

"మోకాళ్లేసి ముందే అడిగేనండీ ప్రభువుని. మా ఆయన నోరు తెరిపించడానికి ఇంకే దారీ లేదు, సెప్పీమంటావా అని. సెప్పీ డోర్కాసూ, నేను సూసుకుంటాను అన్నాడు."

నవ్వాను. ఆ నవ్వుకి కూడా చప్పుడుంది.